బావిలో పోసిన నీళ్లు

ఎవరేమడిగినా నిర్వాణయ్య గారు వెంటనే బదులు చెప్పేవారు కారు. పెన్న ఒడ్డున ఉన్న ఆ చిన్న మఠంలో, ముందు చాట పెట్టుకుని చింతపండు గింజలు తీస్తూ కూర్చునేవారు. ఇక ఈయన చెప్పరులే అని అడిగినవాడు లేవబోయే వేళకు, ఎవరింట్లోనో జరిగిన సంగతి ఒకటి మొదలుపెట్టేవారు.

ఒకనాడు కేశవులనే శిష్యుడు వచ్చాడు. బడిపంతులు, ఈమధ్యనే చుట్టుపక్కల ఊళ్లలో ప్రవచనాలు చెబుతున్నాడు.

"స్వామీ, నలుగురి ముందు కూర్చోబోయేటప్పుడు గంటసేపు ధ్యానం చేసి మనసు నింపుకుని వెళతాను. అక్కడ నాలుగు మాటలు చెప్పేసరికి అంతా ఇంకిపోతుంది. అది నిలిచే ఉపాయం ఏమైనా ఉందా?"

నిర్వాణయ్య గారు చాలాసేపటికి చెప్పిన సంగతి ఇది.

గుత్తికి ఇవతల ఒక ఊళ్లో ముత్యాలప్ప, కుళ్లాయమ్మ అని ఆలుమగలుండేవారు. ఇల్లు మంచిదే. రాతి గోడలు, టేకు దూలాలు, పెరట్లో బావి. అయితే వరసగా కొన్నేళ్ల నుంచి ఉగాది దాటితే ఆ బావిలో చుక్క ఉండటం లేదు. రైలు గేటుకు అవతల ఉన్న బోరు దగ్గర నుంచి కుళ్లాయమ్మే బిందెలు మోసేది. మోసి మోసి ఆమె నడుం పడిపోయింది. బరువులెత్తితే మంచానికే పరిమితమవుతావని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని ముత్యాలప్ప ఇల్లు అమ్మేసి, గుత్తిలో కుళాయి ఉన్న ఇల్లు చూసుకుందామన్నాడు. ఆమె కోసమే అన్నాడు; అందులో అబద్ధం లేదు.

పక్క ఊరి పశువుల ఆసుపత్రికి కొత్తగా వచ్చిన కాంపౌండరు సుదర్శనం, భార్యతో కలిసి ఇల్లు చూడటానికి వస్తానని కబురు చేశాడు. వారం ముందు నుంచే ఇంట్లో పని మొదలైంది. గోడలకు సున్నం కొట్టారు. విరిగిన మంచం పక్కింటి దొడ్లోకి చేరింది. వంటింటి తలుపు కిర్రుమనకుండా మడతబందులకు నూనె పెట్టారు. ఇన్ని చేసినా కుళ్లాయమ్మ కళ్లు పెరటివైపే పోతున్నాయి. బావి సంగతి ఏం చెబుతావని భర్తను అడిగింది. అడిగితే కదా చెప్పేది అన్నాడతను.

వాళ్లు రావాల్సిన రోజు తెల్లవారుతూనే ట్రాక్టరొకటి ట్యాంకరు తగిలించుకుని పెరటి గోడ దగ్గర ఆగింది. గొట్టం బావిలోకి వదిలారు. తన బావిలో నీళ్లు పడుతున్న చప్పుడు విని ఎన్నాళ్లయిందో ఆమెకు. కానీ ఆ చప్పుడుకు సంతోషం కలగలేదు. ట్రాక్టరు వెళ్లిపోయాక తొంగిచూస్తే నీళ్లలో ఆకాశం కనిపించింది. ముత్యాలప్ప గిలకకు కొత్త చేంతాడు కట్టాడు.

పొద్దుటి బస్సుకు వస్తామన్నవాళ్లు రాలేదు. తర్వాతి బస్సుకూ రాలేదు. ఎండ ఎక్కుతున్నకొద్దీ బావిలో రాళ్ల మీద తడిచార కిందికి దిగడం మొదలైంది. ఎండిన నేల కదా, పోసింది పోసినట్టే తాగేస్తోంది. ముత్యాలప్ప వీధి గుమ్మానికీ బావికీ మధ్య తిరుగుతున్నాడు. ఆమె వంటింట్లో ఉండి కూడా అతని అడుగుల చప్పుడును బట్టి నీళ్లు ఎంత దిగాయో చెప్పగలిగేది. మళ్లీ ట్యాంకరు కోసం మనిషిని పంపితే, అది పెళ్లివారి దగ్గరికి పోయిందని తెలిసింది.

అప్పుడతను వంటింట్లోకి వచ్చి బిందెల వైపు చూశాడు. అవి ఆ పొద్దున నడుం నొప్పితోనే ఆమె మోసుకొచ్చిన నీళ్లు. ఎందుకు చూస్తున్నాడో ఆమెకు అర్థమైంది. వద్దని నోటిదాకా వచ్చింది కానీ అనలేదు. ఈ ఇల్లు పోకపోతే మోయాల్సింది మళ్లీ తానే గదా. బిందె వెనక బిందె అందించింది, అతను బావిలో పోశాడు. చివరికి తాగే కడవ కూడా ఖాళీ అయింది.

పొద్దు వాలుతుండగా వాళ్లు వచ్చారు. సుదర్శనం దూలాలు తట్టి చూశాడు, మిద్దె ఎక్కి దిగాడు. అతని భార్య సులోచన పిల్లవాణ్ణి చంకనేసుకుని నేరుగా పెరట్లోకి నడిచింది. చేద వేసి తోడి, పిల్లవాడి కాళ్లూ మొహమూ కడిగింది. ఇప్పుడుంటున్న అద్దింట్లో నీళ్ల కోసం చంటిబిడ్డను దించి క్యూలో నిలబడలేకపోతున్నాననీ, ఇక్కడ ఆ బాధ ఉండదనీ ఆమె చెబుతుంటే కుళ్లాయమ్మ వినలేక విన్నది. ఆ పిల్ల చంకలో బిడ్డ ఉన్నాడు. బిందె ఏ పక్కన పెట్టుకుంటుంది? గేటు పడితే ఎండలో ఎంతసేపు నిలబడుతుంది? చూపు తిప్పుకుందామంటే తిరగలేదు.

అంతలో పిల్లవాడికి దాహమైంది. సులోచన గ్లాసు కోసం వంటింట్లోకి తొంగిచూసి, బిందెలన్నీ ఖాళీగా ఉన్నాయే అక్కా, అంది. ఇప్పుడే తోడబోతున్నామని ముత్యాలప్ప గబగబా బావి దగ్గరికి వెళ్లి చేద వదిలాడు. తాడు దిగింది, ఇంకా దిగింది. అడుగున బండకు చేద తగిలి ఖంగుమన్న చప్పుడు అందరికీ వినిపించింది. పైకి వచ్చిన నీళ్లు ఎర్రగా, బురద బురదగా ఉన్నాయి. పిల్లవాడు వాటినే చూసి చేతులు చాచాడు.

"ఆ నీళ్లు పట్టొద్దమ్మా," అంది కుళ్లాయమ్మ. "బావిలో ఊట లేదు. పొద్దున నేను మోసుకొచ్చినవే మేము అందులో పోసినాం."

ఆమే పక్కింటికి వెళ్లి పిల్లవాడికి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. సుదర్శనం మొహం ముడుచుకుని చెప్పులేసుకున్నాడు. సులోచన మాత్రం గడప దాటబోతూ ఆగి, చెంబు తిరిగి ఇచ్చి, ఆమె చేతి మీద చెయ్యి వేసి వెళ్లింది.

ఇక భర్త ఏమంటాడోనని కుళ్లాయమ్మ గోడవారగా నిలబడింది. అతను అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఎండలో తిరిగి తిరిగి నాలుక పిడచగట్టింది. లేచి వంటింట్లోకి వెళ్లాడు. కడవలో ఏముంది? కాసేపటికి చంకలో ఒక బిందె, చేతిలో ఒక బిందెతో బయటికి వచ్చాడు. ఆ ఊళ్లో మగవాడు బిందె మోయడం ఎవరూ ఎరగరు. వీధిలో జనం చూస్తుండగానే గేటు వైపు నడిచాడు.

తిరిగి వచ్చేసరికి పంచె తడిసి ముద్దయింది, బిందెల్లో నీళ్లు సగమే మిగిలాయి. ముందు ఆమెకు ముంచి ఇచ్చాడు. ఆమె తాగుతుంటే చూస్తూ నిలబడి, "ఇంత దూరమా?" అన్నాడు.

అక్కడితో నిర్వాణయ్య గారు ఆపి మళ్లీ చాట ముందుకు లాక్కున్నారు. ఇల్లు ఎవరికైనా అమ్ముడుపోయిందా అని కేశవులు అడిగాడు.

ఆ వేసవికి పోలేదన్నారాయన. మర్నాడు ముత్యాలప్ప గడ్డపార తీసుకుని ఆ బావిలోకి దిగాడట.

"మరి నీళ్లు పడ్డాయా స్వామీ?"

"అది తర్వాతి మాట నాయనా," అన్నారు నిర్వాణయ్య గారు. "ముందు బావి అడుగు కనబడింది."