కూటమిలో చేరిన తోడేలు

జిల్లేడు గుట్ట కింద ఒక మడుగు ఉంది. ఎండాకాలంలో కూడా ఎండదు. నీళ్ళున్న చోట తగాదాలు ఉండక తప్పదు కదా. తూర్పు గట్టున రాళ్ళ సందుల్లో ఏదుపంది సూదమ్మ, పడమటి గట్టున పొదల్లో కుందేలు చెంగమ్మ, మధ్యలో మద్దిచెట్టు మీద నెమలి పించయ్య కాపురం ఉండేవాళ్ళు. ముగ్గురికీ క్షణం పడేది కాదు. నీ ముళ్ళు నా దారిలో రాలాయని ఒకరు, నీ అరుపులకి నా పిల్లలు ఉలిక్కిపడుతున్నారని ఇంకొకరు.

ఈ తగాదాల వల్ల బాగుపడింది తోడేలు కోరప్ప ఒక్కడే. ఇవాళ ఒక గట్టున, రేపు మరో గట్టున భోజనం చేసి పోయేవాడు. పక్కవాళ్ళ ఏడుపు వినపడినా మిగతావాళ్ళు "మన గడప కాదులే" అని ముడుచుకుని పడుకునేవాళ్ళు.

చివరికి సూదమ్మే అందర్నీ కూర్చోబెట్టి కూటమి కట్టింది. ఎవరి హద్దులోకి శత్రువు వచ్చినా అందరి హద్దులోకి వచ్చినట్టే. పించయ్య కేక వేయగానే అందరూ రాళ్ళ దగ్గరికి రావాలి. ఎవరి దగ్గర ఏది ఉంటే అది ఇవ్వాలి. అంటే పించయ్య కళ్ళు, చెంగమ్మ కాళ్ళు, సూదమ్మ ముళ్ళు. కొత్తవాళ్ళని చేర్చుకోవాలంటే ముగ్గురూ ఒప్పుకోవాలి.

ఈసారి వచ్చిన కోరప్ప మూతినిండా ముళ్ళతో ఇంటికి పోయాడు.

"అబ్బా! మెల్లగా పీకరా నారప్పా!"

"మెల్లగా పీకితే నొప్పి ఎక్కువ మామా," అన్నాడు నక్క నారప్ప, ఇంకో ముల్లు లాగుతూ. "అసలు నువ్వు బయటినుంచి ఎందుకు దూకుతావు? లోపలికి పో."

"లోపలికా?"

"నువ్వూ ఆ మడుగు నీళ్ళే తాగుతున్నావు. నువ్వూ పొరుగువాడివే. కూటమిలో చేర్చుకోమని అడుగు. చేరాక కాపలా పేరు చెప్పి చెంగమ్మ పొద పక్కనే మకాం పెట్టు. సొంత మనిషిని చూసి ఎవరైనా కేక వేస్తారా? పిల్లలు లేతగా ఉన్నాయి మామా. నాకు కాళ్ళు వదిలిపెడితే చాలు."

మర్నాడు నారప్ప రాయబారానికి వచ్చాడు. వంగి వంగి దండాలు పెట్టాడు.

"మా మామ మారిపోయాడమ్మా. పొరుగువాళ్ళతో పొత్తు కావాలంటున్నాడు. అంత పెద్దవాడు మీ జట్టులో ఉంటే మీ పరువెంత, పించయ్యగారి పింఛానికి ఆ పక్కన అందమెంత!"

పించయ్య మెడ నిక్కించాడు. "అది నిజమే."

"ఏం నిజం?" చెంగమ్మ గయ్యిమంది. "కంచే చేను మేస్తుంటే నువ్వు ఈకలు సవరించుకుంటూ కూర్చో పించయ్యా!"

సూదమ్మ మాత్రం నారప్పనే చూస్తోంది. "మీ మామ ఏమిస్తాడు?"

"పళ్ళు ఇస్తాడు తల్లీ! మీలో ఎవరికున్నాయి అలాంటి పళ్ళు?"

"పళ్ళున్నవాడు ముందు నిలబడాలి. కేక వినపడితే పరుగున రావాలి. ఒప్పుకుంటాడా?"

"ఓ! ముందే ఒప్పుకున్నాడు."

"అయితే రేపు చెబుతాం."

నక్క అటు వెళ్ళగానే చెంగమ్మ సూదమ్మ మీద పడింది. "నీకు మతిపోయిందా సూదక్కా? నా పిల్లల్ని ఆకులో వడ్డించి పెడతావా? నేను ఒప్పుకోను!"

"నువ్వు ఒప్పుకోకపోతే చేర్చుకోం. కానీ ఒక మాట విను. గుట్ట అవతల వాగు ఎండిపోయింది. అక్కడ తాగే చిరుతపులి ఇక ఎక్కడికొస్తుంది?"

"ఇక్కడికే. ఏటా వస్తుంది కదా. వచ్చినప్పుడల్లా మనం దాక్కుంటాం."

"ఈసారి దాక్కోం. కొత్త సభ్యుణ్ణి ముందు నిలబెడదాం. నిజంగా మారినవాడైతే నిలబడతాడు, మనకు బలం. మారనివాడైతే ఆ సంగతి చిరుత చూసుకుంటుంది."

"చిరుత వచ్చేలోగా వాడు నా పిల్లల్ని తినేస్తే?"

"పిల్లల్ని నా రాళ్ళ సందులోకి తెచ్చుకో. నన్ను దాటి పోవాలి కదా వాడు."

చెంగమ్మ రాళ్ళ సందులోకి తొంగి చూసింది. "నా పిల్లల గోల నీకు పడదుగా?"

"ఇప్పుడూ పడదు. తీసుకురా."

అలా చెంగమ్మ సరేనంది. కోరప్ప వచ్చి మడుగు నీళ్ళు ముట్టుకుని ప్రమాణం చేశాడు. సూదమ్మ షరతులు ఒక్కొక్కటే చెబుతుంటే ఆవులిస్తూ "ఊ, ఊ" అన్నాడు. ప్రమాణం పూర్తయిందో లేదో చెంగమ్మ పొద పక్కకి పోయి పడుకున్నాడు.

పొద్దు వాలుతుండగా ఓపిక పట్టలేక పొదలో మూతి పెట్టాడు. గడ్డి తప్ప ఏమీ లేదు.

"ఒరే నారప్పా! పిల్లలేవిరా?"

అంతలో మద్దిచెట్టు మీది నుంచి పించయ్య కేక గుట్టంతా మోగింది.

"పో మామా," అన్నాడు నారప్ప. "పోకపోతే ఇప్పుడే వెలివేస్తారు. ఏ గద్దో వచ్చి ఉంటుంది. పిల్లలు కూడా ఆ రాళ్ళలోనే ఉంటాయి, కళ్ళారా చూసుకుని రావచ్చు."

కోరప్ప హుషారుగా పరిగెత్తాడు. రాళ్ళ ముందు సూదమ్మ ముళ్ళు విప్పి నిలబడి ఉంది. ఆమె పక్కన చెంగమ్మ వణుకుతోంది, అయినా కదలడం లేదు. పించయ్య కూడా చెట్టు దిగి వచ్చాడు. వాళ్ళకెదురుగా, మడుగు గట్టున, తోక ఊపుతూ చిరుతపులి.

"రావయ్యా కోరప్పా," అంది సూదమ్మ. "పళ్ళున్నవాడు ముందు. ఇదిగో నీ చోటు."

కోరప్ప ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

చిరుత అందర్నీ తాపీగా చూసింది. "నీళ్ళ కోసం వచ్చాను. తిండి కూడా దొరికితే కాదనను."

"నీళ్ళు తాగి వెళ్ళు దొరా," అంది సూదమ్మ. "తిండి కావాలంటే మాత్రం అందరితో ఒకేసారి పెట్టుకోవాలి. నా ముల్లు ఒకటి దిగితే ఈ వేసవంతా కుంటుతావు."

చిరుతకు ముళ్ళ సంగతి కొత్త కాదు. కోరప్ప వైపు తిరిగింది. "నువ్వూ వీళ్ళ జట్టేనా?"

"అయ్యయ్యో! నేనా?" కోరప్ప తోక కాళ్ళ మధ్యకు పోయింది. "వీళ్ళెవరో నాకు తెలియదు దొరా! ఊరికే ఇటు పోతూ ఆగాను."

"మరి నీ జట్టు ఎవరు?"

కోరప్ప నారప్ప కోసం వెతికాడు. నారప్ప అప్పటికే గుట్ట ఎక్కేశాడు.

"ఎవరూ లేరు దొరా. ఒంటికాయ సొంటికొమ్ముని!"

"ఆహా!" అంది చిరుత. "ముళ్ళు లేవు, తోడూ లేదు."

ఆ తర్వాత గుట్ట మీద దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. కోరప్ప తోక సగం చిరుత నోట్లో మిగిలిందని, మిగతా కోరప్ప ఏడు గుట్టలు దాటినా ఆగలేదని అడవిలో అందరూ చెప్పుకున్నారు.

"సూదక్కా, ఒక్క మాట," అన్నాడు పించయ్య ఊపిరి తీసుకుంటూ. "వాడు 'అవును, వీళ్ళ జట్టే' అని ఉంటే?"

"వాడి పక్కన నిలబడేవాళ్ళం."

"తోడేలు పక్కనా!"

"మాట ఇచ్చాం కదయ్యా," అంది సూదమ్మ ముళ్ళు ముడుచుకుంటూ. "చెంగమ్మా, నీ పిల్లలు నా పరుపు కొరుకుతున్నాయి. ముందు వాటిని తీసుకుపో."

నీతి: పొత్తులో చోటు అడిగేవాడు పోరులోనూ చోటు అడగాలి.