చివరింటి పిల్ల తాడు

కొండ మీద ఒక బడి ఉండేది. అందులో మబ్బుల చదువు చెప్పేవారు. ఆ బడిలో చేరాలంటే నీడ పొడుగ్గా ఉండాలి. ఆ నియమం ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగినవాళ్లు లేరు.

ఏటా వేసవిలో కొలతగాడు ఊరికి వచ్చేవాడు. పొద్దున్నే మొదటింటి దగ్గర మొదలుపెట్టి, పిల్లల్ని ఒక్కొక్కరినే ఎండలో నిలబెట్టి, నీడ ఎంత పొడవుంటే అంత తాడు కోసి చేతికిచ్చేవాడు. ఆ తాడు పట్టుకుని కొండెక్కాలి. ఇక ఊళ్లో హడావుడి చూడాలి! మునివేళ్ల మీద నిలబడడం నేర్పడానికి ప్రత్యేకంగా ఒక పంతులు. పిల్లల జుట్టంతా నడినెత్తిన కొప్పు చుట్టే తల్లులు కొందరు. మావాడి నీడ అరుగు దాటిందని ఒకావిడ అంటే, మావాడిది ఏకంగా గోడెక్కిందని ఇంకొకావిడ.

చివరింటి పిల్ల దగ్గరికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. తాడు జానెడు తెగింది.

"ఇంతేనా?" అంది పిల్ల.

"ఉన్నంతే కదమ్మా కోసేది," అన్నాడు కొలతగాడు. పాపం, అతనూ ఎండకు మాడిపోయి ఉన్నాడు.

ఈ పిల్ల సంగతి కాస్త చెప్పాలి. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తల పైకెత్తే నడిచేది. అందుకే మోకాళ్లకు ఎప్పుడూ దెబ్బలే. వీధిలో ఎవరు వడియాలు పెట్టాలన్నా, మిరపకాయలు ఎండబోయాలన్నా "ఏమే, ఇవాళ వానొస్తుందా?" అని ముందు దీన్నే అడిగేవారు. మబ్బుల్ని చూసినంత ఇష్టంగా అన్నం వంక కూడా చూసేది కాదు. తన నీడను మాత్రం ఏనాడూ చూసుకోలేదు.

ఆ రోజు అన్నం ముట్టలేదు. "నాన్నా, నేను మరీ ఇంత పొట్టిదాన్నా?" అంది.

"ఎవరే అన్నది? నా భుజం దాకా వచ్చావు," అన్నాడు నాన్న.

మర్నాడు పొద్దున పెరట్లోకి వెళ్లి చూస్తే, నాన్న ఆ తాడు కొసను కాలి కింద తొక్కిపట్టి, రెండో కొసను బలం కొద్దీ లాగుతున్నాడు. కూతుర్ని చూసి దొంగలా దొరికిపోయాడు.

"సాగుతుందేమోనని..." అని నసిగాడు.

పిల్లకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "చేతులు కోసుకుపోతాయి, వదిలెయ్ నాన్నా. ఉన్నదే తీసుకెళ్తాలే."

తీసుకెళ్లింది. మిగతా పిల్లలు తాళ్లు చుట్టలు చుట్టి భుజాన వేసుకుని, కబుర్లాడుతూ ముందు నడిచారు. ఈ పిల్ల తన తాడు గుప్పిట్లో దాచుకుని అందరికన్నా వెనక నడిచింది. బడి వాకిలి పడమటి వైపు ఉంది. ఒక్కొక్కరే తాడు చూపించి లోపలికి పోయారు. దీని వంతు వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. పైగా నల్లటి మబ్బొకటి దానికి అడ్డం వచ్చింది.

కావలివాడు తాడు చూశాడు. మంచివాడే. "ఇది చాలదు తల్లీ. మబ్బు కూడా పట్టింది. వాన పడకముందే దిగిపో," అన్నాడు.

పిల్ల కదల్లేదు. ఇంత దూరం వచ్చి, ఈ గడప కూడా దాటకుండా నాన్న దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? అయినా అలవాటు ఎక్కడికి పోతుంది! తల పైకెత్తి చూసింది.

"అది కురిసే మబ్బు కాదు మామయ్యా. కాసేపట్లో తప్పుకుంటుంది. అందాకా ఇక్కడ నిలబడనా?"

"నిలబడు, ఎవరొద్దన్నారు."

మబ్బు తప్పుకుంది. సాయంత్రపు ఎండ పిల్ల వీపు మీద పడింది. పిల్ల ముందు నుంచి ఒక నీడ బయల్దేరి గడప దాటింది, కావలివాడి పాదాల మీదుగా సాగింది, వాకిలంతా పరుచుకుని, అటు చివర అరుగు మీద కూర్చున్న ముసలి పంతులమ్మ ఒళ్లోకి చేరింది.

ఆవిడ తలెత్తింది. "లోపలికొచ్చేసి, ఇంకా గుమ్మం బయటే నిలబడ్డావేం తల్లీ?" అంది.

కావలివాడు చేతిలో ఉన్న జానెడు తాడు వంక చూశాడు. కింద నేల వంక చూశాడు.

చివరింటి పిల్ల మొదటిసారి తల దించి చూసింది.

"ఇది... నాదేనా మామయ్యా?"

కావలివాడు దాన్ని తొక్కకుండా కాళ్లు పక్కకు తీసుకున్నాడు.