తూర్పున కట్టిన బరకం

ఈ కథ విని చాన్నాళ్లయింది. ముందు జరిగింది వెనకా, వెనక జరిగింది ముందూ చెబుతానేమో. ఈమధ్య నాకు అలాగే అవుతోంది. అసలు సంగతి కూడా జారిపోకముందే రాసిపెడుతున్నాను.

కోదండపాణికి వచ్చిన కష్టం ఏమిటంటే, అతని కొట్టంలో ఆవులు చూడి కట్టడం మానేశాయి. పక్క కొట్టంలో కడుతున్నాయి. మొదటిదానికన్నా రెండోదే అతన్ని ఎక్కువగా తినేస్తోంది.

సముద్రానికి దగ్గర్లో ఉన్న ఆశ్రమం అది. నడిపేది నిత్యబోధస్వామి. కాషాయం కట్టకముందు ఆయన పశువుల డాక్టరు. పాత ఒంగోలు ఆవుల వంశాన్ని నిలబెట్టడమే ఆయన చేసే పూజ. మేలైన ఆవు గర్భం నుంచి పిండాలు తీసి, మామూలు ఆవుల కడుపులో పెట్టి పెంచుతారు. అప్పటికి అక్కరలేని పిండాల్ని సన్నటి గొట్టాల్లో పెట్టి, మూత తీస్తే తెల్లగా పొగలు కక్కే చలిడబ్బాలో దాస్తారు. ఏళ్ల తరబడి అవి అలాగే ఉంటాయట.

ఆ పని నేర్చుకుందామని వచ్చినవాళ్లలో చివరికి ఇద్దరే నిలిచారు. కోదండపాణి మొదట వచ్చాడు, వయసులోనూ పెద్ద. బసవపున్నయ్య ఆ తర్వాత చేరాడు. ఇద్దరూ పశువైద్యం చదివినవాళ్లే. స్వామి చెరొక రేకుల కొట్టం అప్పగించారు. పడమటిది కోదండపాణిది, తూర్పుది పున్నయ్యది. మధ్యలో ఒక బండి పట్టేంత దారి.

మొదటి చలికాలం ఇద్దరి ఆవులూ ఇంచుమించు సమానంగానే కట్టాయి. ఈనేనాటికి పున్నయ్య కొట్టంలో ఒక దూడ ఎక్కువ పుట్టింది. ఒక్కటంటే ఒక్కటే. స్వామి దాన్ని చూడటానికి వెళ్లి, అక్కడే నులక మంచం మీద కూర్చుని, పున్నయ్య చెప్పేదేదో విని పొట్ట పట్టుకుని నవ్వారు. కోదండపాణి గడ్డిమోపు చేత్తో పట్టుకుని ఇవతల నిలబడిపోయాడు. వచ్చి ఇన్నేళ్లయింది, తను ఒక్కనాడూ స్వామిని అలా నవ్వించలేదు.

అప్పట్నించి అతని ధ్యాసంతా ఆ కొట్టం మీదే. వాడేం మేపుతున్నాడు, స్వామి అక్కడ ఎంతసేపు కూర్చున్నారు, ఏం మాట్లాడారు, ఇదే గోల. పున్నయ్యకి ఇదేమీ తెలియదు. ఒకరోజు దారి దాటి వచ్చి, ఆవుల్ని ఎగాదిగా చూసి, "అన్నా, నీ ఆవులు అద్దంలా నిగనిగలాడుతున్నాయి. మాకు దాచి ఏదో పెడుతున్నావు" అని నవ్వుతూ వెళ్లాడు.

ఆ మాట ముల్లులా దిగింది. నిగనిగలాడుతున్నాయన్నాడు. ఇంకేముంది, దిష్టి కొట్టి తీరుతుంది. అంత చదువు చదివి దిష్టి అని పైకి అనలేడు కదా. పొద్దుటెండ సూటిగా పడుతోందని వంక పెట్టి, వడ్ల రాశి మీద కప్పే బరకం తెచ్చి, కొట్టానికి తూర్పు వైపు పైనుంచి కిందిదాకా బిగించి కట్టాడు. ఇక వాడి చూపు ఇటు పడదు, తన చూపు అటు పోదు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

వేసవి వచ్చింది. కోదండపాణి తీసుకోని జాగ్రత్త లేదు. నీళ్లు మార్చాడు, పచ్చిమేత కోసి తెచ్చాడు, ఏ ఆవు ఎప్పుడు ఎదకొచ్చిందో కనిపెట్టుకుని ఉన్నాడు. చలిడబ్బాలోంచి తీసిన పిండాన్ని గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, ఊపిరి బిగబట్టి కడుపులో పెట్టాడు. అంతా చేసి, చూడి పరీక్ష చేస్తే ప్రతి కడుపూ ఖాళీగానే ఉంది. పున్నయ్య ఆవులు మాత్రం, అన్నీ కాకపోయినా, కడుతూనే ఉన్నాయి.

మేలైన పిండాలు వాడికే ఇస్తున్నారని కోదండపాణి అనలేదు. ఆ అర్థం వచ్చేలా స్వామి దగ్గర ఏదో నసిగాడు. స్వామి చలిడబ్బా మూత తీసి, ఏరుకోమన్నారు. మిగిలినవి పున్నయ్యకి ఇస్తానన్నారు. కోదండపాణి సిగ్గుపడుతూనే మంచివి చూసి ఏరుకున్నాడు. అవీ నిలవలేదు. వదిలేసినవి పున్నయ్య పెడితే నిలిచాయి.

ఇక్కడ నాగరత్నం గురించి చెప్పాలి. ఇంతకు ముందే చెప్పాల్సింది. నాగరత్నం ఆశ్రమానికి తల్లిలాంటి ఆవు. పాము కాటుకి పోయింది. దాన్ని కడిగి మేపి, ఆఖరి ఘడియలో తల ఒళ్లో పెట్టుకున్నది కోదండపాణే. దాని పిండాలు కొన్ని ఆ చలిడబ్బాలో మిగిలాయి. ఆ వంశానికి ఇక అవే దిక్కు. వానలు పడగానే పెట్టిద్దామని స్వామి అంటున్నారు. ఎవరి కొట్టంలోనో మాత్రం చెప్పడం లేదు. అవి కూడా పున్నయ్య చేతికి పోతే తను మూట సర్దుకోవడమే మేలని కోదండపాణి తీర్మానించుకున్నాడు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఆగలేక స్వామి దగ్గరికి వెళ్లాడు. ఆయన కంచంలో పెరుగన్నం కలుపుకుంటున్నారు.

"స్వామీ, పున్నయ్య కన్ను మంచిది కాదు" అన్నాడు.

స్వామి తలెత్తి చూశారు.

"భోంచేశావా?"

"లేదండీ. సయించడం లేదు."

"పద. నీ కొట్టంలో కూర్చుని తిందాం."

ఇద్దరూ ఆవుల మధ్య నేల మీద కూర్చున్నారు. పైన రేకులు కాలి ఉన్నాయి. కొట్టమంతా ఉడుకుతున్న గంగాళంలా ఉంది. ఆవులు నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి, మూతులనుంచి నురగ తీగలుగా సాగుతోంది. స్వామి రెండు ముద్దలు తిన్నారు. చెమట గడ్డం మీదుగా కారి కంచంలో పడింది.

"ఇక్కడ నాకు ముద్ద దిగడం లేదు నాయనా" అని, కంచం పట్టుకుని లేచి, చుట్టూ తిరిగి పున్నయ్య కొట్టంలోకి వెళ్లిపోయారు.

కోదండపాణి బరకం వైపు తిరిగాడు. ఆఖరికి అన్నం కూడా అక్కడేనా? బరకం అవతల మంచం కిర్రుమంది. పున్నయ్య ఆవకాయ వెయ్యమంటారా అని అడుగుతున్నాడు. ఏదో అన్నాడు, స్వామి నవ్వారు. మళ్లీ అదే నవ్వు. ఏమన్నాడో, తన గురించేనేమో. ఉండబట్టలేక కోదండపాణి లేచి, ఒక ముడి సడలించి, బరకం అంచు ఎత్తి తొంగిచూశాడు.

సముద్రం మీంచి వచ్చే పైరగాలి అప్పుడే మొదలైంది. చల్లగా వచ్చి అతని మొహాన కొట్టింది.

వెనక తాడు లాగిన చప్పుడైంది. ఎర్రావు పలుపు తెగేలా గుంజుకుని ముందుకొచ్చింది. అతన్ని భుజంతో పక్కకి నెట్టి, ఆ కాస్త సందులో ముట్టె పెట్టింది. రొప్పడం ఆపి, నోరు మూసుకుని, కళ్లు అరమోడ్చింది. మిగతావన్నీ మెడలు ఇటు తిప్పాయి.

కోదండపాణి ఆ ఆవు వీపు మీద చెయ్యి వేశాడు. చెయ్యి కాలుతోంది. ఇంత కాగిన ఒంట్లో ఏ పిండం నిలుస్తుంది? తర్వాత కొడవలి తెచ్చి, తను బిగించిన తాళ్లన్నీ పైనుంచి కోసుకుంటూ వచ్చాడు. బరకం కుప్పలా కూలింది.

ఎదురుగా మంచం మీద స్వామి. పక్కన ఆవకాయ జాడీతో పున్నయ్య.

"అన్నా, ఉన్నావా? ఊరెళ్లిపోయావనుకున్నా" అన్నాడు పున్నయ్య.

కోదండపాణి దారి దాటి వచ్చి స్వామి ముందు తలవంచుకుని నిలబడ్డాడు.

"నాగరత్నం పిండాలు పున్నయ్యకే ఇవ్వండి స్వామీ" అన్నాడు.

స్వామి ఆఖరి ముద్ద తిని, కంచం కింద పెట్టారు.

"ఆవులకిద్దామనుకున్నాను నాయనా. మీలో ఒకరికిస్తానని ఎవరన్నారు?"

మా ఆడపడుచు రాజ్యానికి: నువ్వా ఆశ్రమానికి వెళ్లొచ్చినదానివి. పేర్లు ఒకసారి చూసిపెట్టమ్మా. పాము కరిచింది నాగరత్నాన్నేనా, ఇంకో ఆవునా?