రాజుగారి బుగ్గన తాంబూలం

"నా సభలో ఎవరి మాటనూ సగంలో తుంచను. సామాన్యుడి గొంతే నా సింహాసనానికి బలం."

ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజు పట్టాభిషేకం నాడు ఇచ్చిన మాట ఇది. జనం జేజేలు కొట్టారు. ఆ జేజేలు ఆగకముందే ఒక ముసలి రైతు ఏదో అడగబోతే, "తెలుసు, తెలుసు, కూర్చో" అన్నాడు రాజు. ఆనాటి నుంచి ఆ కొలువులో ఎవరూ చెప్పదలచింది పూర్తిగా చెప్పి ఎరగరు. ఒకడే మాట్లాడి, ఒకడే గెలిచేవాడు. దానికి చర్చ అని పేరు.

ఆ కొలువులో హాస్యగాడు గురవన్న. తల్లి లేని అతన్ని సాకింది అక్క చెంచమ్మ. ఆమెకు నత్తి. చిన్నతనంలో ఆమె మాట తడబడితే గురవన్న అందించబోయేవాడు. "నా మాట న... నన్నే చెప్పనీరా" అని తల నిమిరేది ఆమె.

చెంచమ్మది ఏటి అవతలి ఊరు. రాజు జలవిహారానికి మండపం కట్టాలని పడవల రేవు మూయించబోతున్నాడు. మంత్రసాని ఉండేది ఇవతలి ఒడ్డున. చెంచమ్మ చిన్న కూతురు కడుపుతో ఉంది. గలగలా మాట్లాడేవాణ్ణి పంపుదామని ఊరివాళ్లు అన్నా వినక, తానే సభకు వచ్చింది.

"ప్ర... ప్రభూ, రే..."

"రేవు సంగతేగా, తెలుసు. గురవన్నా, మీ అక్క బదులు నువ్వు చెప్పెయ్యి, త్వరగా తెములుతుంది."

గురవన్న గొంతు పెంచలేదు. "ఆమె మాట ఆమెదే ప్రభూ. నాకు అరువివ్వదు."

"అయితే రేపు తీసుకురా. ఆమె వాదం నేనే వినిపించి, నేనే ఖండిస్తాను" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

మర్నాడు సభ నిండింది. గురవన్న తమలపాకుల పళ్లెంతో సింహాసనం దగ్గరికి వచ్చాడు. "ఏలినవారు రెండు పక్షాలా మాట్లాడాలి కదా. గొంతు ఎండిపోతుంది. ఇది వేసుకోండి."

రాజు మురిసిపోయి పెద్ద తాంబూలపు చిలకను బుగ్గన పెట్టుకున్నాడు. ఆ వంశంలో ఒక మర్యాద ఉంది. తాతగారి కాలంలో ఎర్రటి తుంపర పొరుగు రాయబారి శాలువా మీద పడి యుద్ధం దాకా వచ్చింది. అప్పటి నుంచి తాంబూలం నోట ఉండగా రాజు పెదవి విప్పకూడదు. ఉమ్మితే వెండి కాళాంజిలోనే ఉమ్మాలి.

"అక్కా, మొదలుపెట్టు" అన్నాడు గురవన్న.

"ప్ర... ప్రభూ..."

రాజు అలవాటుగా చెయ్యెత్తాడు. నోట్లో రసం ఊరింది. కాళాంజి కోసం పక్కకు చూశాడు. అది లేదు. వేలు తిప్పుతూ సైగ చేశాడు.

"ఇంకా వివరంగా చెప్పమంటున్నారు, అక్కా" అన్నాడు గురవన్న.

రాజు బుగ్గలు ఉబ్బాయి, కళ్లు ఉరిమాయి. చెంచమ్మ తొణకలేదు. తన తీరున, ఆగుతూ, మళ్లీ అందుకుంటూ చెప్పింది. నిరుడు వరదకు రేవు మూసినప్పుడు పెద్ద కూతురికి నొప్పులు వచ్చాయని, పడవ దొరకలేదని, తల్లీబిడ్డా దక్కలేదని. మండపం కట్టుకోమంది. రేవు పక్కన కాస్త దారి వదలమంది.

రాజు చెయ్యి ఎప్పుడు దిగిందో ఆయనకే తెలియదు. ఇప్పుడాయన కాళాంజి కోసం చూడటం లేదు.

గురవన్న సింహాసనం వెనక నుంచి కాళాంజి తీసి ముందు పెట్టాడు. రాజు ఉమ్మి, పెదవులు తుడుచుకుని, గురవన్న వైపు తిరిగాడు.

"దొంగా, దాచింది నువ్వేనా?"

"దాచింది నేనే ప్రభూ. విన్నది మాత్రం తమరు."

రాజు పగలబడి నవ్వాడు. నవ్వుతుంటే కళ్లు తడిశాయి. వేలి ఉంగరం తీసి గురవన్నకు ఇచ్చి, "చెంచమ్మా, మండపం కట్టే స్థపతులతో ఆలోచించి చెబుతాను" అన్నాడు.

"తమరి మాటలు మేం ఇదివరకూ విన్నాం ప్రభూ" అన్నాడు గురవన్న. "ఎప్పటిలోగా చెబుతారో అక్క అడుగుతుంది."

చిన్న కూతురికి మార్గశిరంలో నెలలు నిండుతాయి. చెంచమ్మ ముందుకు వచ్చింది.

"కా... కా..."

మంత్రి అందించబోయాడు. రాజు చెయ్యెత్తి అతన్ని ఆపాడు. నోరు ఖాళీగానే ఉన్నా, పెదవి విప్పకుండా ఆమె వైపే చూస్తూ కూర్చున్నాడు.

"కార్తీక పున్నమిలోగా" అంది చెంచమ్మ.