నాంచారి కొంగు మూట

అనగనగా, మన తాతల తాతలు ఇంకా పలక పట్టని రోజుల్లో, ఓ చదువుల పట్నం. ఆ పట్నంలో ఓ పెద్ద విద్యాలయం. దాని వెనక పాత తాటాకులూ కాగితాలూ దాచే కొట్టు. బడి పుట్టుకా, పట్నం పుట్టుకా అన్నీ అందులోనే ఉండేవి. ఆ కొట్టును చూసుకునేది ముసలి నాంచారి.

ఆమెకు అక్షరం ముక్క రాదు. ఎర్రగుడ్డను వసకొమ్ము కషాయంలో తడిపి, ఆరబెట్టి, మూటలు కట్టేది. ఆ గుడ్డ ఉన్నంతకాలం చెదలు దగ్గరికి రావు. అన్ని మూటల్లోనూ ఒక్క మూటంటే ఆమెకు ప్రాణం. విద్యాలయం కట్టడానికి అప్పుడెప్పుడో ఓ పల్లెను ఖాళీ చేయించారు. అది నాంచారి పుట్టిన పల్లె. జనం చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. చివరికి నాంచారి ఒక్కతే మిగిలింది. ఆ పల్లె పేరూ, పొలిమేరా, బావులూ ఆ మూటలోని తాటాకుల మీదే ఉన్నాయి.

ఓ ఏడు విద్యాలయానికి ఉత్సవం తలపెట్టారు. పందిరికి ఎర్రగుడ్డలు చాల్లేదు. పెద్దపంతులు మూటలన్నీ విప్పించి గుడ్డలు పట్టుకుపోయాడు. బడి చరిత్రను పొగడడానికి దాని ఒంటిమీది గుడ్డే లాగేశారు, చూడండి!

నాంచారి పరుగెత్తింది.

"అయ్యగారూ, వానలొచ్చేశాయి. గుడ్డలు ఇప్పించండి."

"ఉత్సవం కానీవే నాంచారీ, చూద్దాం."

నేల చెమ్మెక్కింది. గోడ వెంట చెదల బారు లేచింది. నాంచారి మళ్లీ పరుగెత్తింది.

"అన్నీ వద్దయ్యగారూ. మా ఊరి మూటకు ఒక్క గుడ్డ. అది పోతే మా ఊరు అసలు పుట్టనేలేదంటారు."

"ఉత్సవం కానీవే నాంచారీ, చూద్దాం."

తన చీర కొంగు చింపి మూట కట్టింది. వస తగలని కొంగు చెదలకు ఏం అడ్డం? వానలో తడిసి, జ్వరంతో వణుకుతూ మూడోసారి వెళ్లింది.

"గుడ్డొద్దయ్యగారూ. మా ఊరి పేరు నే చెబుతా. ఎక్కడైనా రాసుకోండి."

పందిట్లో బాజాలు మోగుతున్నాయి. పెద్దపంతులు తల కూడా తిప్పలేదు.

"ఉత్సవం కానీవే నాంచారీ, చూద్దాం."

ఉత్సవం అయింది. కొట్టు తలుపు తీస్తే, మూటను గుండెకు హత్తుకుని నాంచారి పడి ఉంది. ఒళ్లు ఎప్పుడో చల్లబడింది. మూట విప్పితే గుప్పెడు చెదమన్ను. పెద్దపంతులు తల బాదుకుని ఏడ్చాడు. ఏడిస్తే ఏం లాభం?

ఇప్పటికీ ఆ పట్నానికి చదువుకు వచ్చే పిల్లలు, అమ్మ పాతచీర కొంగు ఒకటి తెచ్చి, వస కషాయంలో తడిపి, మూటలకని కొట్టులో ఇస్తారు. ముసలివాళ్లు ఏదైనా చెప్పబోతే, చేతిలో పని వదిలేసి రాసుకుంటారు. "తర్వాత చూద్దాం" అనే మాట అక్కడ ఎవరూ అనరు. ఆ మన్ను మూట ఇంకా ఆ కొట్టు అటక మీదే ఉంది.

మరి ఆ పల్లె పేరేమిటంటారా? ఎవరిని అడిగినా "నాంచారి ఊరు" అంటారు. అసలు పేరు ఎవరికీ తెలియదు.