అచ్చాయమ్మ అల్లం మురబ్బా మీద సుంకం

గిరిదుర్గం అనే ఒకానొక చిన్న రాజ్యాన్ని రణధీర భూపతి ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే గాని, తాను స్వయంగా చెప్పి రాయించిన సుంకాల శాసనమంటే ఆయనకు మహా గర్వం. దాన్ని రాగిరేకుల మీద చెక్కించి, అందులో సందు కనిపెట్టగలవాడు ఇంకా పుట్టలేదని వచ్చినవారికల్లా చెప్పుకొనేవాడు.

ఆ శాసనం ప్రకారం తిండిగింజల మీద సుంకం లేదు. మందుల మీదా లేదు. మిఠాయి అమ్మినవాళ్లు మాత్రం రాబడిలో నాలుగో వంతు ఖజానాకు కట్టాలి.

కోటవీధి మలుపులో అచ్చాయమ్మకు అల్లం మురబ్బా కొట్టు ఉండేది. అజీర్తి చేసినవారూ, దగ్గు పట్టినవారూ, పథ్యం తింటున్న బాలింతలూ ఆ కొట్టుకే వచ్చేవారు. అత్తగారి నాటి నుంచీ మురబ్బాను మందుగానే అమ్ముతున్నారు, కనుక సుంకం ఎన్నడూ కట్టలేదు.

ఒకనాడు సుంకాధికారి మాచన్న కొట్టుకు వచ్చాడు. ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. బాగుందని మరో మూడు వేసుకున్నాడు. ఉత్తరీయంతో మూతి తుడుచుకుని, ఇది తియ్యగా ఉంది కాబట్టి మిఠాయేనని తేల్చేశాడు. ఇకముందు కట్టడమే కాదు, గడిచిన మూడేళ్ల అమ్మకానికీ పదిహేను రోజుల్లో సుంకం కట్టాలన్నాడు. లేకపోతే కొట్టుకు తాళం వేసి, రాగి బాణళ్లు పట్టుకుపోతానన్నాడు.

మూడేళ్ల సుంకమంటే కొట్టు అమ్మినా చాలదు. అల్లం చెక్కే ఇద్దరు తోడికోడళ్లకూ అదే బతుకుతెరువు. మాచన్న కాళ్లు పట్టుకోమని ఇరుగుపొరుగు సలహా చెప్పారు. ఆమె ఆ రాత్రంతా ఆలోచించింది. తెల్లవారేసరికి బెదురు పోయింది. పెట్టెలోంచి ఒక తాటాకు తీసి కొంగున ముడేసుకుని, తిన్నగా రాజసభకు నడిచింది.

రాజు ఫిర్యాదు విన్నాడు. తన శాసనం గొప్పతనం నలుగురికీ చాటే అవకాశం దొరికిందని మీసం దువ్వాడు.

"అందులో బెల్లం వేస్తావా?"

"వేస్తాను ప్రభూ."

"తింటే తియ్యగా ఉంటుందా?"

"ఉంటుంది ప్రభూ."

"అయితే అది మిఠాయే. మాచన్న చేసింది న్యాయం."

సభ యావత్తూ తలలూపింది. అచ్చాయమ్మ వాదించలేదు. ఏలినవారి తీర్పు శిరోధార్యమని చేతులు జోడించింది. ఆ మాటే రాయించి, రాజముద్ర వేయించి రెండు ప్రతులు ఇప్పించమని వేడుకుంది. ఒకటి తనకట, రెండోది ఆస్థాన వైద్యులు శరభాచార్యులవారికట.

వైద్యుడికెందుకని రాజు అడిగాడు.

అచ్చాయమ్మ కొంగుముడి విప్పి తాటాకు చదివించింది. అది శరభాచార్యులు ప్రతినెలా ఆమెకు పంపే చీటీ. ప్రభువులవారికి ఉదరం పెరుగుతున్నందున మిఠాయి అన్నది కంటికి కూడా చూపరాదనీ, అరుగుదలకు మందుగా అల్లం మురబ్బా మాత్రం రోజూ కోటకు పంపవలసిందనీ అందులో ఉంది.

"ఇన్నాళ్లూ మందనుకుని పంపాను ప్రభూ. అది మిఠాయని తమరే సెలవిచ్చారు. ఇక పంపితే వైద్యులవారి ఆజ్ఞ మీరినదాన్నవుతాను. ఈ పూట డబ్బా కొట్లోనే ఆపేశాను" అంది.

రాజు మొహంలో రంగు మారింది. రోజు మొత్తంలో ఆయన నాలుక ఎరిగే తీపి అదొక్కటే. అది ఏ కొట్టు నుంచి వస్తోందో ఆయన ఏనాడూ అడగలేదు. శరభాచార్యులు లేచి, మిఠాయే అయితే తాను ఒప్పుకోలేనని వినయంగా మనవి చేశాడు.

మాచన్న అడ్డుపడి, కోటలో మందు, బజారులో మిఠాయి అని సర్దబోయాడు.

"కోట గుమ్మం దాటగానే బెల్లానికి బుద్ధి మారుతుందా అయ్యా?" అంది అచ్చాయమ్మ నెమ్మదిగా.

రాజు కాసేపు రాగిరేకుల వంక చూశాడు, కాసేపు అచ్చాయమ్మ వంక చూశాడు. ఉన్నట్టుండి ఫక్కున నవ్వాడు. బొజ్జ కదిలేలా నవ్వి నవ్వి, మురబ్బా మందేనని తీర్పు తిరగరాయించాడు. పాత అమ్మకాల మీద కొత్తగా సుంకం అడిగే అధికారం ఎవరికీ లేదని మరో రేకు చెక్కించమన్నాడు. ఏ సుంకమైనా ఇకమీదట బజారువాళ్లకు చదివి వినిపించాకే శాసనమవుతుందనీ, ఆ వినేవాళ్లలో అచ్చాయమ్మ ముందు వరసలో కూర్చోవాలనీ ఆజ్ఞాపించాడు.

అప్పుడు శరభాచార్యులు మళ్లీ లేచాడు.

"మందు అని తేలింది కనుక మోతాదు కూడా ఉండాలి ప్రభూ. పూటకు ఒక్క ముక్క."

రాజు నవ్వు ఆగిపోయింది. దిగులుగా అచ్చాయమ్మ వైపు చూశాడు.

"ముక్క ఎంత ఉండాలో వైద్యులవారు చెప్పలేదు ప్రభూ. కత్తి నా చేతిలోనే ఉంటుంది" అంది ఆమె.

ఈసారి శరభాచార్యులు కూడా నవ్వాపుకోలేకపోయాడు. రాజు తన చేతి బంగారు కడియం తీసి అచ్చాయమ్మకు ఇచ్చి, ఆపేసిన డబ్బా వెంటనే కోటకు పంపించమన్నాడు.