తడినేల దున్నిన మామ

అనగనగా, నల్లరేగడి తప్ప ఇంకో నేల ఎరగని ఒక ఊళ్ళో, బసవపున్నయ్య అని ఒక రైతు. ఊఁ కొట్టండర్రా, నిద్రపోయేవాళ్ళకి నేను చెప్పను. ఆయనకి ఒక్కడే కొడుకు ఏడుకొండలు, కోడలు వెంకాయమ్మ. వెంకాయమ్మకి అప్పుడు మూడో నెల. ఆ యేడు పత్తి చేతికొస్తే సరే, రాకపోతే ఏడుకొండలు దేశంగాని దేశం ఇటుకబట్టీ పనికి పోవాల్సిందే.

ఆ ఊళ్ళో ఒక మాయదారి ఆచారం. అందరికన్నా ముందు పత్తి విత్తినవాడికి తలపాగా చుడతారు. తింటామా దాన్ని? తొలివాన పడిందో లేదో, మర్నాడే బసవపున్నయ్య నాగలి కట్టాడు. కోడలు పిడికెడు మట్టి ఉండచేసి కింద పడేసింది. చెదరలేదు, ముద్దలా అతుక్కుంది. ఉండ పొడిపొడిగా రాలేదాకా ఆగండి మామయ్యా, ఇప్పుడు దున్నితే అడుగున నేల బిగుసుకుపోద్ది అంది. మట్టి సంగతి నీకేం తెలుసని ఆయన కసిరాడు. దున్నాడు, విత్తాడు, తలపాగా చుట్టించుకున్నాడు.

మొక్క జానెడు ఎదిగి ఆగింది. మొక్క ఎందుకాగింది? వేరు దిగలేదు. వేరెందుకు దిగలేదు? అడుగున నేల బండైంది. నేలెందుకు బండైంది? తడిలో నాగలీ ఎద్దుల గిట్టలూ అదిమేశాయి. ఎందుకు అదిమాయి? ఈయనకి తలపాగా కావాలి గనక. ఊఁ కొడుతున్నారా?

ఆకులు వాలాయి. నీళ్ళు చాల్లేదనుకుని బావి నీళ్ళు తోడించి చేనుకి పెట్టాడు. నీళ్ళు కిందికి దిగితేగా? సాళ్ళలో నిలిచి పైవేళ్ళు మురిగాయి. రెండ్రోజులు ఎండ కాస్తే మళ్ళీ వాలాయి. ఒక్క మొక్క పెకలించి చూడండి మామయ్యా అని కోడలు మళ్ళీ చెప్పింది. వినకుండా ఇంకో రెండు తడులు పెట్టాడు.

చివరికి తనే పెకలించి తెచ్చింది. తల్లివేరు జానెడు దిగి, మోకాలు మడిచినట్టు పక్కకి తిరిగి పాకింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, ముందే చెప్పొద్దా అమ్మాయ్ అన్నాడు. విన్నారా? ముందే చెప్పొద్దా అంట. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుద్ది.

ఏడుకొండలు బట్టీకి పోయాడు. బిడ్డ పుట్టినప్పుడు కూడా ఇక్కడ లేడు. మరుసటేడు బసవపున్నయ్య వేసవిలోనే లోతుగా దున్నించి, పెంట తోలి, ఉండ చెదిరాకే విత్తాడు. పత్తి నడుమెత్తు లేచింది. ఎలా పండించావయ్యా అని ఊరంతా అడిగితే, అంతా తన తెలివేనని చెప్పుకున్నాడు. వెంకాయమ్మ వాళ్ళందరికీ మజ్జిగ పోసి లోపలికి పోయింది.

పత్తి తీతల నాటికి ఏడుకొండలు తిరిగొచ్చాడు. కూతురికి అప్పటికి ఏడాది. వాడు చేతులు చాపితే, ఎవరో అనుకుని ఏడుస్తూ తల్లి కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది. అందరూ సుఖంగా ఉన్నారు, అలాగే అనుకోండి. రేపు మీ ఇంట్లో ఎవరన్నా పిడికెడు మట్టి తెచ్చి చూపిస్తే, చూపించిందెవరని అడక్కుండా మట్టిని చూడండి. కథ కంచి దారి పట్టింది, ఇక మీరు కళ్ళు మూయండి.